దో సూత్ గోపాలం, గాలపు కర్ర

కొండలరావు ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క వస్తువు కూడా తయారు చెయ్యలేదు. ఇతరులు తయారుచేసినవి బాగాలేవని చెప్పడమే ఆయన పని. భిలాయి దగ్గర హథ్‌ఖోజ్‌లో, స్టీలు ప్లాంటుకి షాఫ్టులూ రోలర్లూ చేసి పంపే ఒక వర్క్‌షాపులో ఆయన ఇన్‌స్పెక్టరు. చొక్కా జేబులో సొంత మైక్రోమీటరు, చేతిలో ఎర్ర చీటీల కట్ట. ఆ చీటీ ఒకసారి కట్టాడంటే ఆ వస్తువు తుక్కులోకి పోవలసిందే, చేసినవాడు తల దించుకోవలసిందే.

అలాంటి మనిషి రిటైరై సుపేలా బజారు వెనక సందులో ఉన్న సొంత ఇంట్లో రోజంతా కూర్చోవడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండానే గ్యాసు పొయ్యి కింద మట్టం పెట్టి చూసి, ఎడం పక్కకి ఒరిగిందన్నాడు. పవర్ హౌస్ మార్కెట్లో కిలో టమాటాలు కొనడానికి ఇరవై కిలోలు తిరగేశాడు. ఒకరోజు చపాతీల దొంతర పక్కన స్కేలు నిలబెట్టేసరికి ఆయన భార్య వరమ్మ అప్పడాల కర్ర కిందపెట్టింది.

"ఏటండీ ఇది? మీకు రిజెక్టు చెయ్యడానికి ఏదో ఒకటి కావాల, అంతే కదా? శివనాథ్ నదికెళ్లి చేపలు పట్టండి. చిన్నదనీ వంకరదనీ అక్కడే కూకొని రిజెక్టు చేసుకోండి. నా వంటింట్లోంచి ఎల్లండి ముందు."

వరమ్మది కళింగపట్నం. పెళ్లయి భిలాయి వచ్చి ముప్ఫై అయిదేళ్లయినా, ఇక్కడ ఐసులో పెట్టి అమ్మే చేపని ఆవిడ చేపగా ఒప్పుకోలేదు. కాబట్టి ఆ సలహాలో కొంచెం స్వార్థం కూడా ఉంది.

కొండలరావు పవర్ హౌస్ మార్కెట్లో ఒక గాలపు కర్ర కొన్నాడు. ఆదివారం పొద్దున్నే శివనాథ్ ఒడ్డుకి వెళ్లి, వీడియోల్లో చూసినట్టు కర్రని భుజం మీదుగా వెనక్కి తీసి బలంగా విసిరాడు. గాలం పది గజాల దూరంలో పడింది. కర్ర చివరనుండే రింగు ఊడి పదిహేను గజాల దూరంలో పడింది.

మిగతావాళ్లయితే తిట్టుకుంటూ ఇంటికొచ్చేవారు. కొండలరావు అక్కడే గట్టు మీద కూర్చుని, కళ్లజోడు సవరించుకుని, కర్రని అటూ ఇటూ తిప్పి చూశాడు. దారం నడవడానికి కర్ర పొడుగునా బిగించిన రింగులు ఒక్కటీ వరుసలో లేవు. రైలు ఆగితే ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టినట్టు తలో పక్కకీ చూస్తున్నాయి. జిగురు ఒకచోట బొబ్బ కట్టింది, ఒకచోట అసలే లేదు. ఆయనకి కోపం రాలేదు. చాలా రోజుల తర్వాత ప్రాణం లేచివచ్చినట్టయింది.

ఇంటికొచ్చి గుమ్మంలోనే చెప్పాడు. "వరమ్మా, ఇది రిజెక్టు. కర్ర నేనే చేస్తాను."

"మీరా?" అంది వరమ్మ. ఆశ్చర్యం అనే మాట దానికి చాలదు.

కూతురు సౌమ్య దుర్గ్‌లో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తోంది. పుట్టింది, పెరిగింది ఇక్కడే కాబట్టి తెలుగు మొదలుపెడితే హిందీలో తేలుతుంది. తండ్రి రాసిచ్చిన జాబితా చూసి, "డాడీ, యే సబ్ క్యా హై? మచ్ఛీ పట్టడానికి ఇంత సామానా?" అంటూనే ఫోన్లో అన్నీ ఆర్డరిచ్చింది. వారానికి పొడుగాటి గొట్టం పెట్టె వచ్చింది. అందులో గాజు నారతో చేసిన బోలు కర్ర, రెండు ముక్కలు, మొదలు దగ్గర బొటనవేలంత లావు, చివర అగ్గిపుల్ల కంటే సన్నం. ఏడు రింగులు, రీలు బిగించే పట్టీ, నైలాను దారం ఉండ, బిళ్లల్లా కోసిన కార్కు ముక్కలు, రెండు సీసాల్లో ఎపాక్సీ జిగురు.

మొదటి పని కర్రకి వెన్ను కనిపెట్టడం. చూడ్డానికి ఎంత గుండ్రంగా ఉన్నా ప్రతి కర్రకీ ఒక పక్క కొంచెం బిరుసుగా ఉంటుంది, రింగులు దాన్నిబట్టే బిగించాలి. దానికి కర్ర కొనని నేల మీద ఆనించి, మధ్యలో చేత్తో నొక్కి వంచి, మెల్లగా దొర్లిస్తే ఒకచోట అది తనంతట తనే గిరుక్కున తిరుగుతుంది. నున్నటి నేల వంటింట్లోనే ఉందని కొండలరావు అక్కడ కూర్చున్నాడు. కర్ర నిజంగానే గిరుక్కున తిరిగింది. తిరిగి, పక్కనున్న పెరుగు గిన్నెని బోర్లించింది.

"దొరికింది!" అని అరిచాడాయన పెరుగులోంచి.

"ఏటి దొరికింది?"

"వెన్ను!"

"వెన్న కాదండీ, అది పెరుగు," అంది వరమ్మ గుడ్డ తెస్తూ.

రెండో పని దారం చుట్టడం. రింగు కాళ్లని కర్రకి ఆనించి, వాటి మీదుగా దారాన్ని పోగు పక్కన పోగు, సందు లేకుండా, ఒకదాని మీదొకటి ఎక్కకుండా చుట్టాలి. చెప్పుల పెట్టె రెండు వైపులా గాట్లు కోసి, కర్రని అందులో ఆనించాడు. దారం బిగువుగా రావాలంటే ఉండని గ్లాసులో వేసి, దారాన్ని ఒక లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాగాలని వీడియోలో చెప్పారు. ఇంట్లో అంత లావు పుస్తకం సౌమ్య చదివి వదిలేసిన బ్యాంకు పరీక్షల గైడు ఒక్కటే. చుట్టు చివర్న చిన్న దారపు ఉచ్చు పెట్టి కొసని లోపలికి లాగేస్తే ముడి కనపడదు. మొదటి రింగుకి రెండు రోజులు పట్టింది. ఏడో రింగు గంటలో అయిపోయింది. తన వేళ్లు ఒక పని నేర్చుకుంటున్నాయని గమనించి కొండలరావు కాసేపు వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు.

మూడో పని దగ్గర ఆయన ఆగిపోయాడు. కార్కు బిళ్లల్ని ఒకదానికొకటి అంటించి పిడి చెయ్యాలి, ఆ దొంతరని గుండ్రంగా తిప్పుతూ గరుకు కాగితంతో నున్నగా తియ్యాలి. చాకుతో ప్రయత్నించాడు. ఎలక కొరికిన బెండకాయలా వచ్చింది. గోడలకి కన్నాలు పెట్టే డ్రిల్లుకి బిగించి తిప్పాడు. కార్కు మూడు ముక్కలై, ఒకటి దండెం మీది చీరలో చిక్కుకుంది.

"లేతు కావాల," అన్నాడు నీరసంగా.

"మరి లేతున్న మనిషి ఉన్నాడు కదా," అంది వరమ్మ. "గోపాలం."

ఆ పేరు ఆ ఇంట్లో పదిహేనేళ్లుగా ఎవరూ ఎత్తలేదు.

గోపాలం అదే వర్క్‌షాపులో టర్నరు. లేతు మీద అతని చెయ్యి పడితే ఇనుము వెన్నలా దిగుతుందని పేరు. రెండువేల తొమ్మిదిలో అతను చేసిన ఒక పెద్ద షాఫ్టుకి కొండలరావు ఎర్ర చీటీ కట్టాడు. కొలత తేడా మిల్లీమీటరులో నూరో వంతులు రెండు. మనిషి వెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. కానీ ఆ కబురు షాపులోంచి క్యాంటీనుకి, క్యాంటీనులోంచి గేటుకి వెళ్లేసరికి పెరిగిపోయింది. గోపాలం షాఫ్టుకి రెండు సూత్‌ల తేడా వచ్చిందట అన్నారు. ఇక్కడి పనివాళ్ల లెక్కలో సూత్ అంటే మూడు మిల్లీమీటర్లు! వడ్రంగి కూడా అంత తేడా రానివ్వడు. ఆ రోజు నుంచీ అతను దో సూత్ గోపాలం. కూతురి పెళ్లినాడు మగపెళ్లివారి బస్సు సందు చివర ఆగి, "దో సూత్ వాళ్లిల్లు ఎక్కడ?" అని అడిగిందంటే ఇంక చెప్పేదేముంది. గోపాలం ఆ ఏడాదే ఉద్యోగం మానేసి, హథ్‌ఖోజ్‌లోనే ఒక రేకుల షెడ్డులో సొంత లేతు పెట్టుకున్నాడు. కొండలరావు ఎదురైతే రోడ్డు దాటేవాడు.

మూడు రోజులు తటపటాయించి, కార్కు దొంతర సంచిలో వేసుకుని కొండలరావు ఆ షెడ్డుకి వెళ్లాడు. గోపాలం లేతు ఆపకుండానే తలెత్తాడు.

"రండి, ఇన్‌స్పెక్టర్ సాబ్! ఏటి, ఇప్పుడు షెడ్డులు ఎతుక్కుంటూ వచ్చి మరీ రిజెక్టు చేస్తున్నారేటి?"

"కాదు గోపాలం. గాలపు కర్ర చేస్తన్నాను. దీనికి పిడి తియ్యాల."

"చేస్తన్నారా? మీరా?"

ఈ ప్రశ్న కొండలరావుకి అలవాటైపోయింది. తలూపాడు.

"కొలత ఎంతలో ఉండాల?"

"కొలతేటి, అరచేతికి సరిపోతే చాలు."

గోపాలం లేతు ఆపేశాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "సరిపోతే చాలా? ఈ మాట మీ నోట్లోంచి ఇనడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది సాబ్."

ఆ తర్వాత అతను కార్కుని లేతుకి బిగించి, గరుకు కాగితాన్ని పట్టీలా పట్టుకుని పని మొదలుపెట్టాడు. గోధుమరంగు పొడి మంచులా రాలింది. కర్ర ఎక్కడ ఎంత లావుందో కొలిచి, కార్కు మధ్యలోని కన్నాన్ని గుండ్రటి ఆకురాయితో దానికి తగ్గట్టు ఏటవాలుగా తీశాడు. పావుగంటలో పిడి తయారైంది. కొండలరావు దాన్ని పట్టుకున్నాడు. ఎవరో తన చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. జేబులోని మైక్రోమీటరు వైపు చెయ్యి దానంతటదే వెళ్లబోతే బలవంతాన ఆపుకున్నాడు.

"ఏటివ్వమంటావు?" అన్నాడు.

"పైసలొద్దు. ఒక షరతు. కర్ర పూర్తయ్యేదాకా ఇన్‌స్పెక్షను నాది. నేను పాస్ అంటేనే పాస్. రిజెక్టు అంటే మళ్లీ చెయ్యాల."

కొండలరావు ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే పిడి ఇచ్చేలా లేడు.

గోపాలం మర్నాడే వచ్చాడు. కూతురి పెళ్లిలో మిగిలిపోయిన శుభలేఖల ఎర్ర అట్టలు కత్తిరించి, మూలన కన్నం పెట్టి, పురికొస కట్టి మరీ తెచ్చుకున్నాడు. భూతద్దం పెట్టి దారపు చుట్లు చూశాడు. "మూడో రింగు కాడ సందున్నాది."

"ఎక్కడ?"

"ఇక్కడ. చీమ దూరదు గానీ, చీమ పిల్ల దూరుతాది." ఎర్ర చీటీ కట్టేశాడు. చీటీకి ఒక పక్క 'రిజెక్ట్', రెండో పక్క 'మీ రాకే మాకు ఆనందం'.

కొండలరావు దారమంతా విప్పి మళ్లీ చుట్టాడు. గోపాలం మూడు రోజులకి మళ్లీ వచ్చాడు. ఈసారి కర్రని తుపాకీలా కంటికి ఆనించి చూశాడు. "నాలుగో రింగు తూర్పుకి చూస్తున్నాది. మిగతావన్నీ ఉత్తరానికే చూస్తున్నాయి." మళ్లీ ఎర్ర చీటీ. వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. "అప్పా, టీ బాగున్నాది," అన్నాడు. వరమ్మది తన పక్క ఊరే కాబట్టి సొంత అక్కని పిలిచినట్టే పిలుస్తాడు.

"తమ్ముడూ, ఆయన్ని మరీ ఏడిపించకు," అందావిడ మెల్లగా. మళ్లీ తనే, "ఇంకొక్కసారి చాలు," అంది.

ఆ రాత్రి భోజనం దగ్గర కొండలరావు ఎర్ర చీటీని పళ్లెం పక్కన పెట్టుకుని తిన్నాడు. చివరికి, "రిజెక్టు అని చూసినప్పుడు మనిషికి ఇలగ ఉంటాదన్నమాట," అన్నాడు. వరమ్మ ఇంకో గరిటె పులుసు వేసింది.

నాలుగో రింగు సరిచేశాక మిగిలిన ఆఖరి పని ఎపాక్సీ పూత. రెండు సీసాల్లోంచి సమానంగా తీసి కలిపి, దారపు చుట్ల మీద కుంచెతో పూయాలి. పూసిన దగ్గర్నుంచి గట్టిపడేదాకా, దాదాపు నాలుగు గంటలు, కర్ర మెల్లగా తిరుగుతూనే ఉండాలి. ఆగితే పూత కిందికి జారి వేలాడుతుంది. దానికి నిమిషానికి అయిదారు చుట్లు తిరిగే మోటారు కావాలి. అది కొండలరావు ఇంట్లోనే ఉంది. వీధి వినాయకుడి మండపం సామానంతా ఏడాది పొడుగునా ఆయన మంచం కిందే ఉంటుంది. అందులో విగ్రహం తల వెనక తిరిగే చక్రం కూడా ఉంది. దాని మోటారు ఒక్కటే తీద్దామనుకున్నాడు గానీ, చక్రం బోల్టు తుప్పుపట్టి ఊడి రాలేదు. చేసేది లేక చక్రంతోపాటే బిగించాడు. స్విచ్చి వేస్తే తళుకు కాగితాల చక్రం, దాని అంచున ఎర్రవీ పచ్చవీ బల్బులు, నడుమ గాలపు కర్ర, అన్నీ కలిసి హుందాగా తిరగసాగాయి.

జూన్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు. జిగురు సరిగ్గా కలుపుతున్నారో లేదో దగ్గరుండి చూడ్డానికి గోపాలం కూడా వచ్చాడు. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి ఛాయ గుమ్మంలోంచి ఆ చక్రం చూసి, చెప్పులు విప్పి, రెండు చేతులూ జోడించింది. "ఆంటీ, ఆజ్ కౌన్‌సీ పూజా హై?"

"మఛ్లీ పూజా," అంది వరమ్మ కరివేపాకు తుంచి ఇస్తూ. ఛాయ ప్రసాదం ఉంటుందేమోనని కాసేపు నిలబడి వెళ్లింది.

పూత పూయడం అయిన పది నిమిషాలకి ఆకాశం నల్లబడింది. దుమ్ము లేచింది. సుపేలా బజారు రేకులన్నీ ఒక్కసారి మోగాయి. ఒక పెద్ద ఉరుము, చక్రం మీది బల్బులు ఆరిపోయాయి. చక్రం ఆగింది. కర్రా ఆగింది.

"తిప్పండి!" అని అరిచాడు గోపాలం.

కొండలరావు కర్ర మొదలు పట్టుకుని తిప్పసాగాడు. కంగారులో ఒక చుట్టు వేగంగా, ఒక చుట్టు నెమ్మదిగా పడుతోంది. గోపాలం చూడలేక స్టూలు లాక్కుని రెండో చివర కూర్చున్నాడు. "పది లెక్కపెట్టి సగం చుట్టు. మీరు సగం, నేను సగం. ఆపీకండి."

అలా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బయట కుండపోత. కరెంటు వచ్చే సూచన లేదు. ఒకరు టీ తాగుతుంటే ఒకరు తిప్పారు. పదిహేనేళ్లు రోడ్డు దాటి తప్పించుకున్న మనిషి రెండడుగుల దూరంలో ఉన్నాడు, లేచి వెళ్లడానికి వీల్లేదు. గంటసేపు అంకెలు తప్ప ఇంకో మాట లేదు. గంటా పావు అయ్యాక, ఏడు దగ్గర కొండలరావు ఆగాడు.

"గోపాలం, ఆ షాఫ్టు..."

"ఎనిమిది. తొమ్మిది."

"ఆ షాఫ్టు బాగానే ఉన్నాది గోపాలం."

గోపాలం లెక్క ఆపాడు, చేతులు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

"ఆ రోజు పొద్దున్న నా మైక్రోమీటరు సిమెంటు గచ్చు మీద పడిపోనాది," అన్నాడు కొండలరావు. కళ్లు కర్ర మీదే ఉన్నాయి. "తుడిచి జేబులో ఎట్టుకున్నాను. సున్నా సరిగ్గా ఉన్నాదో లేదో చూసుకోలేదు. కుర్రాళ్లకి రోజూ నేను చెప్పే మొదటి మాటే అది, సున్నా చూసుకొని కొలవండ్రా అని. నేనే చూసుకోలేదు. వారం తరవాత తెలిసింది, అది నూరో వంతులు రెండు తేడా చూపిస్తన్నాదని. అప్పటికే నీకు ఆ పేరొచ్చీసింది. పరిగెత్తుకెళ్లి తుక్కులోంచి షాఫ్టు తీయించి పంపించీసేను. ఇప్పటికీ తిరుగుతున్నాది. కానీ నీకు చెప్పలేకపోయేను. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాననుకుంటే పదిహేనేళ్లు అయిపోనాది."

గోపాలం కర్ర వదిలేశాడు. లేచాడు. గుమ్మం దాకా వెళ్లి చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. వరమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. కొండలరావు అతని వెనకాల వెళ్లాలనుకున్నాడు. వెళ్తే కర్ర ఆగిపోతుంది. "గోపాలం! ఒక్కమాట విను! నేను లేవలేను, నువ్వే రా!" అని కూర్చున్నచోటి నుంచే బతిమాలాడు. కంగారులో ఆయన చేతులు నిజంగానే ఆగిపోయాయి.

గోపాలం వానలోకి అడుగుపెట్టి, ఎందుకో ఒకసారి వెనక్కి చూశాడు. నాలుగో రింగు కింద జిగురు చుక్క పోగవుతూ, బరువెక్కుతూ, జారడానికి సిద్ధంగా ఉంది.

"సాబ్! తిప్పండి! కారిపోతున్నాది!" ఒక చెప్పుతో, తడి గుడ్డలతో లోపలికి పరిగెత్తుకొచ్చి, కర్రని పట్టుకుని, చుక్క పైకి వచ్చేలా సగం చుట్టు తిప్పాడు. చుక్క ఆగి, నెమ్మదిగా దారం మీద పరుచుకుంది. ఇద్దరూ ఊపిరి వదిలారు. గోపాలం తిట్లు మొదలుపెట్టాడు. తెలుగులో కొన్ని, హిందీలో కొన్ని, ప్రతి తిట్టుకీ సగం చుట్టు. కొండలరావు అన్నీ విన్నాడు, తన వంతు వచ్చినప్పుడల్లా తిప్పాడు.

తిట్లు అయ్యాక గోపాలం అన్నాడు. "నాకొక్కడికే చెప్తే సరిపోదు. అందరికీ చెప్పండి. ఇప్పుడే."

వర్క్‌షాపు పాతవాళ్లందరికీ ఫోన్లో ఒక గ్రూపుంది. గోపాలం ఫోను కొండలరావు నోటి దగ్గర పట్టుకున్నాడు. కొండలరావు గొంతు సవరించుకుని, రిపోర్టు చదివినట్టే చెప్పాడు. "నేను కొండలరావుని. రెండువేల తొమ్మిదిలో గోపాలం చేసిన షాఫ్టుకి నేను కట్టిన ఎర్ర చీటీ తప్పు. షాఫ్టు పాస్. ఇన్‌స్పెక్టరు రిజెక్ట్."

జవాబుల కోసం ఇద్దరూ ఎదురుచూశారు. ఒకరు బొటనవేలి బొమ్మ పెట్టారు. ఒకరు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ తర్వాత మిల్లింగ్ మెషీను మనోహర్ గొంతు వినిపించింది. "ఏ షాఫ్టు గురించి మాట్లాడుతున్నారు భాయ్? దో సూత్ అంటే గోపాలం మీసం గురించి కాదేటి? రెండు వైపులా రెండేసి సూత్‌లే ఉంటాది కదా, అందుకే ఆ పేరనుకున్నాను ఇన్నాళ్లూ." దాని కింద మరో ఆరుగురు, తామూ అలాగే అనుకున్నామన్నారు.

గోపాలం తన మీసాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు. వరమ్మకి నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. కొండలరావు నవ్వడానికి భయపడి కర్ర వైపు చూశాడు. ఇద్దరిలో ముందు నవ్వింది గోపాలమే. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు, ఆ తుడుచుకోవడం మాత్రం నవ్వు అయిపోయాక కూడా కాసేపు సాగింది. కరెంటు ఆరింటికి వచ్చింది. అప్పటికి పూత గాజులా గట్టిపడింది.

ఆ ఆదివారం ముగ్గురూ శివనాథ్ ఒడ్డుకి వెళ్లారు. మొదటి విసురు గోపాలానిదే అన్నాడు కొండలరావు. గాలం ముప్ఫై గజాలు వెళ్లింది. రింగులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడు గంటలు గడిచాయి. తక్కెడతో తూచి కలిపిన గోధుమపిండి ముద్దని ఒక్క చేపా ముట్టుకోలేదు.

అవతల రాయి మీద ఒక కేవట్ జాలరి ముసలాయన వంకర వెదురు కర్రతో చకచకా జెల్లలు పడుతున్నాడు. కొండలరావు ఉండబట్టలేక వెళ్లి ఆ కర్ర చూశాడు. మూడుచోట్ల వంకర, రింగులే లేవు, దారం ముడి మీద ముడి. "యే తో పూరా టేఢా హై," అన్నాడు.

ముసలాయన నవ్వాడు. "మఛరీ హ టేఢా-సోఝ్ నఇ దేఖయ్ బబా, చారా ల దేఖ్‌థే." చేప చూసేది ఎరని గానీ కర్ర వంకరని కాదని. ఒక ఆకులో గుప్పెడు వానపాములు పెట్టి ఇచ్చాడు.

వానపాము గుచ్చి విసిరిన కాసేపటికే దారం బిగుసుకుంది. కర్ర ఒక్కసారి నీళ్ల వైపు వంగింది. కొన దగ్గర సన్నగా మొదలై, మధ్యకి వచ్చేసరికి నిండుగా, ఎక్కడా కోణం లేకుండా.

"చూడండి సాబ్, ఎలగ వంగుతున్నాదో!" అన్నాడు గోపాలం.

"వెన్ను మీదే వంగుతున్నాది! నాలుగో రింగు చూడు, కదిలిందేమో?"

"కదల్లేదు. పిడి కూడా కదల్లేదు."

"చేపని లాగండి!" అని అరిచింది వరమ్మ.

"ఉండప్పా. బరువెంతుంటాది సాబ్, నాలుగు కిలోలు? నాలుగు కిలోలకి ఇంత వంపు..."

"లాగండర్రా!"

ఒక పెద్ద బొచ్చె చేప నీళ్లలోంచి పైకి ఎగిరి, వెండి పళ్లెంలా మెరిసి, తిరిగి పడింది. టప్‌మని దారం తెగింది. కర్ర నిటారుగా లేచి నిలబడింది, కొంచెం కూడా వంకర పోకుండా.

"పాస్," అన్నాడు గోపాలం.

కొండలరావు ఆనందంతో అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. వరమ్మ నోరు తెరిచి, వాళ్ల వంకా, నీళ్ల మీద సుడులు తిరుగుతున్న చోటు వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత తిన్నగా రాయి మీది ముసలాయన దగ్గరికి వెళ్లి, ఆయన పట్టిన జెల్లలు కొని సంచిలో వేసుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆటో దుర్గ్ దాటేదాకా ఆవిడ సంచిలోని జెల్లలు చూసుకుంటూ కూర్చుంది. మగవాళ్లిద్దరూ ఆ వంపు గురించే చెప్పుకుంటున్నారు.

"ఏటండీ," అంది వరమ్మ చివరికి. "ఇంకోటి చెయ్యండి. నాకు. చేపొస్తే లాగడం నాకు తెలుసు."

ఇద్దరూ మాట ఆపి ఆవిడ వైపు తిరిగారు. మోచేతి నుంచి అరచేతి దాకా ఎంతుందో తెలిస్తేగానీ పిడి పొడుగు తేలదు. కొండలరావు జేబులోంచి టేపు తీశాడు. ఆటో గతుకుల్లో ఎగురుతుంటే గోపాలం ఆవిడ మోచేతి దగ్గర టేపు కొస పట్టుకున్నాడు.

"పద్నాలుగున్నర అంగుళాలు," అన్నాడు కొండలరావు.

"పదిహేను సాబ్. సరిగ్గా చూడండి."

"పద్నాలుగున్నరే. నా కళ్లున్నాయి కదా."

"భయ్యా, జరా గాడీ రోకో," అని గోపాలం మళ్లీ కొలవడానికి టేపు సర్దుకుంటూ ఆటోవాడి భుజం తట్టాడు. "నాప్ లేనా హై."